ఒక చట్టం, వంద ప్రశ్నలు: జాతీయ విధానాల పరిశోధనకు ఏ ఉదంతాన్ని ఎంచుకోవాలి?

అనంతపురం జిల్లా నార్పల మండలంలో బండ్లపల్లి అనే ఊరుంది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అక్కడే ప్రారంభించారు. 2009లో దానికి మహాత్మా గాంధీ పేరు చేరింది. కాగితాల మీద పేరు ఏదైనా, సీమలోనూ తెలంగాణ పల్లెల్లోనూ చాలాచోట్ల జనం దాన్ని పిలిచేది ‘కరువు పని’ అనే. వానలు బాగా పడిన ఏడు కూడా అది కరువు పనే. చట్టం దాన్ని హక్కు అంది. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించాలి, చూపించలేకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి అని రాసింది. జనం నోట మాత్రం అది కరువొచ్చినప్పుడు సర్కారు పెట్టే పనిగానే మిగిలింది. చట్టం పెట్టిన పేరుకూ ఊరు పెట్టిన పేరుకూ మధ్య ఇంత దూరం ఎందుకుంది? ఒక డాక్టరేటుకు సరిపడే ప్రశ్న ఇది.

కానీ మన విశ్వవిద్యాలయాల్లో ఈ పథకం మీద వచ్చే సిద్ధాంత గ్రంథాల పేర్లు వేరేలా ఉంటాయి. ‘గ్రామీణ పేదరిక నిర్మూలనలో ఉపాధి హామీ పథకం పాత్ర: ఫలానా జిల్లా – ఒక అధ్యయనం’. పథకం పేరు తీసేసి మరో పథకం పేరు పెట్టినా, జిల్లా మార్చినా శీర్షిక చెక్కుచెదరదు. నాలుగు మండలాలు, మూడు వందల మందికి ప్రశ్నావళి, శాతాల పట్టికలు, చివర పది సూచనలు. ముగింపు కూడా ముందే తెలుసు: పథకం వల్ల మేలు జరిగింది, అమలులో లోపాలున్నాయి, సరిదిద్దుకోవాలి. ఏళ్ళ తరబడి ఎండలో తిరిగి కష్టపడిన పిల్లల శ్రమ ఇలా ముందే తెలిసిన ముగింపులో కలిసిపోతుంటే బాధగా ఉంటుంది. పొరపాటు వాళ్ళ కష్టంలో లేదు. ఉదంతాన్ని ఎంచుకున్న మొదటి నెలలోనే ఉంది.

జాతీయ స్థాయి విధానాన్ని పరిశోధించాలనుకునేవారు ఏది ఎంచుకోవాలి, ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్న మీద ఇప్పటిదాకా జరిగిన ఆలోచననూ పరిశోధననూ ఒకచోట చూడటం ఈ వ్యాసం పని. ఉపాధి హామీని ప్రధాన నమూనాగా తీసుకుంటున్నాను. దేశంలో ఇంత విస్తృతంగా అధ్యయనం జరిగిన పథకాలు కొన్నే. ఆ అధ్యయనాల్లో తెలుగు నేలకు ఉన్న చోటు కూడా పెద్దది.

ఇది దేనికి ఉదాహరణ?

ఉదంతాల ఎంపిక గురించి రాజనీతి శాస్త్రంలో యాభై ఏళ్ళుగా చర్చ నడుస్తోంది. ఆరెండ్ లైప్‌హార్ట్ 1971లో తులనాత్మక పద్ధతి మీద రాసిన వ్యాసం, హ్యారీ ఎక్‌స్టైన్ 1975లో ‘నిర్ణాయక ఉదంతం’ గురించి చేసిన ప్రతిపాదన ఈ చర్చకు పునాదులు. ఎక్‌స్టైన్ మాట సూటిగా ఉంటుంది. ఒక సిద్ధాంతం ఎక్కడ తప్పక నిజం కావాలో అక్కడ పరీక్షించండి, అక్కడే నిలవకపోతే ఇంకెక్కడా నిలవదు. లేదా ఎక్కడ నిలవడం అసాధ్యమో అక్కడ పరీక్షించండి, అక్కడ నిలిస్తే దాన్ని గట్టిగా నమ్మవచ్చు. 2008లో జేసన్ సీరైట్, జాన్ గెరింగ్ కలిసి ఎంపిక పద్ధతులను ఏడుగా వర్గీకరించారు: సగటు ఉదంతం, విభిన్న ఉదంతాలు, అతి తీవ్రమైనది, దారి తప్పినది, ఫలితాన్ని ప్రభావితం చేసేది, అన్నిటా పోలి ఒక్కదానిలో తేడా ఉన్నవి, అన్నిటా తేడా ఉండి ఒక్కదానిలో పోలినవి. ఈ జాబితాను ఇప్పుడు చాలా పరిశోధన పద్ధతుల తరగతుల్లో చెబుతున్నారు. మంచిదే. అయితే చాలామంది సొంత జిల్లాను ముందే ఎంచుకుని, తర్వాత ఈ ఏడింటిలో సరిపోయే పేరు ఒకటి వెతికి దానికి తగిలిస్తున్నారు.

సొంత జిల్లా ఎంచుకోవడం తప్పని నేననను. యాస తెలుసు, బస్సులు తెలుసు, ఎండాకాలం పొద్దున ఆరింటికే కూలీలు పనికి పోతారని తెలుసు. బయటివారికి రెండేళ్ళు పట్టే నమ్మకం మనకు రెండు వారాల్లో దొరుకుతుంది. కానీ పరీక్షకులు ‘ఈ జిల్లానే ఎందుకు?’ అని అడిగితే ‘మాది ఆ ఊరే’ అన్నది జవాబు కాదు. చార్ల్స్ రాగిన్, హోవర్డ్ బెకర్ 1992లో ఒక పుస్తకం నిండా చర్చించిన ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది. నీ ఉదంతం దేనికి ఉదాహరణ? బండ్లపల్లి ఒక ఊరు. అది కరువు ప్రాంతపు శ్రమకు ఉదాహరణా? హక్కు దానంగా మారడానికి ఉదాహరణా? ప్రధాని కాలు పెట్టిన ఊరికి అధికారులు చూపే ప్రత్యేక శ్రద్ధకు ఉదాహరణా? జవాబును బట్టి ఎవరితో మాట్లాడాలి, దేనితో పోల్చాలి, ఏ రికార్డు తిరగేయాలి అన్నవన్నీ మారిపోతాయి.

బార్బరా గెడ్డెస్ 1990లో చూపించిన ప్రమాదం మరొకటి ఉంది. దక్షిణ కొరియా, తైవాన్, సింగపూర్ వంటి వేగంగా ఎదిగిన దేశాలను మాత్రమే చూసినవారు, కార్మికులను అణచి ఉంచడం వల్లే అభివృద్ధి జరిగిందన్న నిర్ణయానికి వచ్చారు. వర్ధమాన దేశాలన్నిటినీ కలిపి చూస్తే ఆ సంబంధం నిలవలేదు. కార్మికులను అణచి కూడా ఎదగని దేశాలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మన దగ్గర ‘ఆదర్శ గ్రామం’ అధ్యయనాలన్నీ ఈ గోతిలోనే పడుతున్నాయి. అవార్డు వచ్చిన పంచాయతీకి వెళ్ళి, అక్కడి సర్పంచి చొరవే విజయానికి కారణం అని రాస్తారు. అంతే చొరవ ఉండి ఏమీ సాధించలేకపోయిన పక్క ఊరి సర్పంచి దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

విఫలమైన ఉదంతం ఎంత విలువైనదో చెప్పాలంటే అమెరికాలోని ఓక్లాండ్‌ను తలుచుకోవాలి. 1966లో అక్కడ నిరుద్యోగుల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి 2.3 కోట్ల డాలర్లతో 3,000 ఉద్యోగాల పథకం ప్రకటించింది. డబ్బు ఉంది, నగరం ఒప్పుకుంది, ఎవరూ వ్యతిరేకించలేదు. మూడేళ్ళ తర్వాత చూస్తే ఖర్చయింది చాలా కొద్ది, వచ్చిన ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. జెఫ్రీ ప్రెస్‌మన్, ఆరన్ విల్డావ్‌స్కీ ఆ కథను 1973లో పుస్తకంగా రాశారు. ఎన్ని చేతులు ఒప్పుకుంటే ఒక పని జరుగుతుందో, ఒక్కో చేతిలో ఎంత ఆలస్యమవుతుందో వారు లెక్క గట్టారు. విధానాల అమలు అనే అధ్యయన రంగం ఆ పుస్తకంతో ఊపందుకుంది. వారు ఎంచుకున్నది గొప్ప విధానమేమీ కాదు. ఒక నగరంలో తేలిపోయిన పథకం. దేనికి ఉదాహరణో వారికి స్పష్టంగా తెలుసు, అదే దాని బలం.

తేడా ఎక్కడుందో చూడండి

జాతీయ విధానాన్ని పరిశోధించడంలో మొదటి చిక్కు దాని పేరులోనే ఉంది. దేశమంతటా ఒకేసారి అమలైతే దేనితో పోల్చాలి? పథకం లేని ఊరు ఏది? ఉపాధి హామీ పరిశోధకులకు ఈ చిక్కును చట్టమే కొంత విప్పింది. 2006లో దేశంలోని 200 వెనకబడిన జిల్లాల్లో మొదలైంది, 2007లో మరో 130 జిల్లాలు చేరాయి, 2008 ఏప్రిల్ 1న మిగిలినవన్నీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి విడతలో 13 జిల్లాలు, రెండో విడతలో శ్రీకాకుళం, తూర్పుగోదావరి, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, ప్రకాశం, చివరి విడతలో విశాఖపట్నం, పశ్చిమగోదావరి, కృష్ణా. రెండేళ్ళ పాటు పక్కపక్క జిల్లాల్లో ఒకచోట పథకం ఉంది, ఒకచోట లేదు.

ఆ రెండేళ్ళ తేడా మీద అంతర్జాతీయ పత్రికల్లో ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. క్లెమాన్ ఇంబేర్, జాన్ పాప్ 2015లో ప్రచురించిన పత్రం ప్రకారం, పథకం వచ్చిన జిల్లాల్లో పంట పనులు లేని కాలంలో ప్రైవేటు కూలి రేట్లు పెరిగాయి. ఆ పెరుగుదల ముఖ్యంగా పథకం బాగా అమలైన రాష్ట్రాల్లోనే కనిపించింది. లారా జిమర్‌మన్ అదే విడతల తేడాను మరో పద్ధతిలో చూశారు. వెనకబాటు సూచీలో విడతను నిర్ణయించే గీతకు అటూ ఇటూ దగ్గరగా ఉన్న జిల్లాలను మాత్రమే పోల్చారు. ఆమెకు కూలి రేట్లలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. వాన తప్పిన ఏడు ఆదుకునే ఆసరాగా పథకం పనిచేస్తోందని తేల్చారు. చట్టం ఒకటే, కాలం ఒకటే, జవాబులు రెండు. అందరూ నిజాయతీగానే పనిచేశారు. ఎవరిని ఎవరితో పోల్చామన్నది మారింది, అంతే. మొదటి విడత జిల్లాలు వెనకబడినవి కాబట్టే ముందు వచ్చాయి, కనుక వాటిని చివరి విడత జిల్లాలతో నేరుగా పోలిస్తే రాయలసీమను డెల్టాతో పోల్చినట్టే అవుతుంది. కొత్తగా వచ్చే పరిశోధకులు ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక. ఉదంతం ఎంపిక అంటే పోలిక ఎంపికే అని ఇంతకన్నా బాగా చెప్పే పాఠం లేదు.

తెలుగు నేల మీద జరిగిన అతి పెద్ద అధ్యయనం స్మార్ట్‌కార్డులది. ఉపాధి కూలి, సామాజిక పింఛన్లు వేలిముద్రతో చెల్లించే ఏర్పాటును ఉమ్మడి రాష్ట్రం విస్తరిస్తున్నప్పుడు, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది ప్రభుత్వ సహకారంతో లాటరీ వేసి నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలను, సుమారు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతాన్ని పరిశీలించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో జారిపోయే డబ్బు తగ్గింది. ఆ తర్వాత వారే 2023లో ప్రచురించిన మరో పత్రంలో ఇంకా పెద్ద సంగతి చెప్పారు. పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని నుంచి రాలేదు, బయటి పనుల నుంచే వచ్చింది. సర్కారు పని సరిగ్గా నడిస్తే రైతు కూడా కూలి పెంచక తప్పలేదన్నమాట. ‘కరువు పని వచ్చి కూలీలు దొరకడం లేదు’ అని రచ్చబండ దగ్గర ఏళ్ళుగా వినిపిస్తున్న ఫిర్యాదుకు ఇది మరో పక్క.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇదే బృందం జార్ఖండ్‌లో చౌక దుకాణాల దగ్గర వేలిముద్ర తప్పనిసరి చేయడాన్ని కూడా పరీక్షించింది. అక్కడ దొంగతనం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, కొందరు నిజమైన లబ్ధిదారులకు బియ్యం అందకుండా పోయాయి. ఆంధ్రలో కార్డు లేనివారికి కూడా చెల్లించే దారి తెరిచి ఉంచారు, జార్ఖండ్‌లో వేలిముద్ర పడకపోతే సరుకు లేదు. సాంకేతికత ఒకటే అయినా నిబంధన వేరు, దాంతో ఫలితమూ వేరయింది. ఆంధ్ర అధ్యయనం ఒక్కటే చదివి ‘బయోమెట్రిక్ మంచిది’ అని దేశమంతటికీ తీర్పు చెప్పేవారు జార్ఖండ్‌లో బియ్యం అందని ఇళ్ళ గురించి కూడా చదవాలి.

వెలుగున్న చోటే వెతుకుతున్నామా

ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇది. ఉపాధి హామీ గురించి ప్రపంచానికి తెలిసిన దానిలో పెద్ద భాగం రికార్డులు బాగున్న చోట్ల నుంచి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదటి నుంచీ మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టికలను, కంప్యూటర్లో పెట్టింది, లెక్కలను ఊరి జనంతోనే సరిచూసే సామాజిక తనిఖీని వ్యవస్థగా మార్చింది, దానికోసం 2009లో ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. సమాచారం దొరికింది కాబట్టి పరిశోధకులు వచ్చారు. వాళ్ళు వచ్చారు కాబట్టి మన రాష్ట్రం ఉదాహరణ అయింది. ఇందులో మనం గర్వపడాల్సింది ఉంది. అయితే రికార్డు బాగా రాసే రాష్ట్రాన్ని చూసి, రికార్డే రాయని రాష్ట్రంలో ఏం జరుగుతోందో చెప్పలేం.

రికార్డు మీదే ఆధారపడితే ఏమవుతుందో ఒక్క అంకె చాలు. 2009–10లో పని అడిగిన కుటుంబాల్లో 99 శాతానికి పైగా పని ఇచ్చామని అధికారిక లెక్కలు చూపాయి. పూజా దత్తా, రింకూ ముర్గాయ్, మార్టిన్ రావల్యన్, డొమినిక్ వాన్ డి వాల్ అదే సంవత్సరపు జాతీయ నమూనా సర్వేను తీసుకుని చూశారు. గ్రామీణ కుటుంబాల్లో పని కావాలనుకున్నవి సుమారు 45 శాతం, దొరికినవి సుమారు 25 శాతం. ఈ తేడా ఎక్కడ పుట్టింది? పని ఉన్నప్పుడే దరఖాస్తు తీసుకుంటారు, పని లేనప్పుడు ‘తర్వాత రా’ అంటారు. తిరిగి వెళ్ళిపోయిన మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. కొరత ఎక్కువగా ఉన్నది బీహారు వంటి పేద రాష్ట్రాల్లో. పథకం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందింది.

కష్టమైన చోట కూడా మంచి అధ్యయనం చేయవచ్చని అదే బీహారు చూపింది. అక్కడ 2012–13లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు నిధుల విడుదల పద్ధతిలో ఒక మార్పును పరీక్షించారు. పంచాయతీకి ముందుగా డబ్బు పంపే బదులు, ఫలానా కూలీకి ఫలానా రోజు పనికి అని వివరాలు నమోదు చేశాకే డబ్బు కదిలేలా చేశారు. పథకం ఖర్చు 24 శాతం తగ్గింది, వాస్తవంగా జరిగిన పని తగ్గిన ఆనవాళ్ళు లేవు. కాగితం మీది కూలీలు మాయమయ్యారు.

మన దగ్గర కూడా దీపం కింద చీకటి ఉంది. ఫర్జానా ఆఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్ ఆంధ్రప్రదేశ్‌లోని 300 గ్రామ పంచాయతీల సామాజిక తనిఖీ నివేదికలను 2006 నుంచి 2010 వరకు చదివారు. తనిఖీ జరిగిన కొద్దీ మొత్తం అక్రమాలు తగ్గలేదు, వాటి రూపం మారింది. కూలి మస్టర్లో సులువుగా పట్టుబడే మోసాలు తగ్గితే, సామగ్రి బిల్లుల్లో పట్టుకోవడం కష్టమైనవి పెరిగాయి. ‘సామాజిక తనిఖీలో ఆంధ్ర ఆదర్శం’ అని రాసే ముందు ఈ పత్రం చదవడం మన బాధ్యత.

ఒక ఊరు, ఒక వారం

పెద్ద అధ్యయనాల సంగతి సరే, డబ్బూ బృందమూ లేని ఒంటరి పరిశోధకులు ఏం చేయాలి? నా సలహా, ఒక శ్రమశక్తి సంఘాన్ని, అంటే కలిసి పనిచేసే కూలీల జట్టును, అది చేసిన ఒక్క వారం పనిని తీసుకోండి. ఆ వారానికి కనీసం మూడు కాగితాలుంటాయి. కూలీ ఇంట్లో జాబ్ కార్డు, వెబ్‌సైటులో మస్టరు, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కు. నాలుగోది మనిషి జ్ఞాపకం. ఈ నాలుగూ ఒకే మాట చెబితే అది ఒక ఫలితం. చెప్పకపోతే అసలు పరిశోధన అక్కడ మొదలవుతుంది.

జాబ్ కార్డు తెరిస్తే చాలాసార్లు లోపల పేజీలు ఖాళీగా ఉంటాయి. అది మోసమని వెంటనే రాసేయకండి. వివరాలన్నీ కంప్యూటరులోకి వెళ్ళాక కార్డు మీద రాసే అలవాటే తప్పిపోయి ఉండవచ్చు. మస్టరులో ఆరు రోజులుంటే కూలీ నాలుగు రోజులే వెళ్ళానంటుంది. ఇదీ మోసం కాకపోవచ్చు. మన దగ్గర కూలి కొలతకు ఇస్తారు. మట్టి ఎన్ని ఘనపు మీటర్లు తవ్వారన్నది లెక్క, రోజు మొత్తం కూర్చున్నారా అన్నది కాదు. గట్టి నేలలో గడ్డపార దిగని చోట ఆరు రోజుల శ్రమకు మూడు రోజుల కూలి పడుతుంది, అందుకే ఎండాకాలంలో కొలత మీద అదనపు శాతం కలిపే పద్ధతి వచ్చింది. ఈ లెక్క తెలియకుండా ‘కనీస వేతనం అందుతోందా? అవును / కాదు’ అని ప్రశ్నావళిలో గడి పెడితే వచ్చే జవాబుకు అర్థం ఉండదు. 2023 జనవరి నుంచి దాదాపు ప్రతి పనిచోటా రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలన్న నిబంధన వచ్చాక, కొలత పనిచేసే కూలీ కూడా రెండో ఫోటో కోసం ఎండలో ఆగాల్సి వస్తోంది. పనికి కూలి ఇచ్చే వ్యవస్థ మీద హాజరుకు కూలి ఇచ్చే వ్యవస్థ వచ్చి కూర్చుంది. జట్టును నడిపించే మేట్ ఫోన్లో సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే ఆ రోజు ఎవరి లెక్కలోకి వస్తుంది? ఒక ఊరి మీద ఒక వారం చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, మూడు వందల మందికి పంచిన ప్రశ్నావళిలో దొరకదు.

సామాజిక తనిఖీ చివర మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికకు తప్పక వెళ్ళండి. కూలీ కుటుంబాల నుంచే వచ్చిన యువతీ యువకులు వేరే ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వివరాలను మైకులో చదువుతారు. ఒక పేరు చదవగానే వెనక వరుసలో ఒకామె లేచి ‘అయ్యా, మా ఆయన ఆ నెల పనికే పోలేదు’ అంటుంది. ఊళ్ళో పథకం పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఆమె వైపు చూస్తాడు. ఆమె కూర్చుంటుందా, ఇంకోసారి చెబుతుందా అన్నది ఆ ఊళ్ళో హక్కు ఎంత నిలదొక్కుకుందో చెబుతుంది.

ఇక్కడ ఒక నియమం మరిచిపోవద్దు. ఆమె మళ్ళీ అదే ఊళ్ళో, అదే ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గర పని అడగాలి. మీ గ్రంథంలో ఊరి పేరు, మండలం పేరు, తేదీ ఉంటే ఆమె ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. కూలికి పోయే మనిషిని పని వేళలో గంటసేపు ప్రశ్నలతో కూర్చోబెడితే ఆ రోజు కొలత తగ్గుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి మాట్లాడండి.

ఇతర విధానాల సంగతి

ఉపాధి హామీ తప్ప మరేదీ లేదని కాదు. 2016 నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ఒక్క రాత్రిలో దేశమంతటికీ వర్తించింది, పోల్చడానికి ఏ జిల్లా మిగలలేదు అనిపిస్తుంది. కొత్త నోట్లు మాత్రం అన్ని జిల్లాలకూ ఒకేలా చేరలేదు. గీతా గోపీనాథ్ తదితరులు ఆ తేడాను పట్టుకుని 2020లో పత్రం రాశారు. మధ్యాహ్న భోజనానికి 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది, రాష్ట్రాలు వేర్వేరు ఏళ్ళలో మొదలుపెట్టాయి. ఆ భోజనం తిన్న బాలికలు తల్లులయ్యాక వారి పిల్లల ఎత్తులో కూడా మేలు కనబడిందని 2021లో ఒక అధ్యయనం చెప్పింది. స్వచ్ఛ భారత్‌ను ఎంచుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతాన్ని బహిరంగ మలవిసర్జన లేనిదిగా ప్రకటించారు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 19 శాతం కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేలింది. అమలు చేసినవారే ఫలితం ప్రకటించినప్పుడు వేరే సాక్ష్యం లేకుండా అధ్యయనం మొదలుపెట్టకూడదు.

తెలుగు పరిశోధకులకు మాత్రమే అందే అవకాశం ఒకటి ఎదురుగా ఉంది. రాష్ట్రం విడిపోక ముందు, 2014 జూన్ 1 వరకు, రెండు రాష్ట్రాలదీ ఒకే సాఫ్ట్‌వేరు, ఒకే తనిఖీ సంస్థ, ఒకే ఉత్తర్వులు. ఆ మర్నాటి నుంచి రెండు ప్రభుత్వాలు. తెలంగాణ 2020లో ఏడు వేల మందికి పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను తొలగించి 2022లో తిరిగి తీసుకుంది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాల్లో మనుషులు అక్కడే ఉన్నారు, ఆఫీసు మారింది. అన్నిటా పోలి ఒక్కదానిలో తేడా ఉన్న ఉదంతం కోసం సీరైట్, గెరింగ్ వెతికినది ఇలాంటిదే. ఆ మండలాల కోయ పల్లెల్లో తిరగగలిగినవారికి, రెండు రాష్ట్రాల కాగితాలనూ చదవగలిగినవారికి మాత్రమే అది సాధ్యం.

ఇప్పుడే ఎందుకు

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పని రోజులు 100 నుంచి 125కి పెరిగాయి. ఖర్చులో చాలా రాష్ట్రాలు 40 శాతం భరించాలి. పంట పనులు ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం 60 రోజుల పాటు పనులు ఆపే ఏర్పాటు ఉంది. దీని మంచిచెడ్డలు వాదించుకోవడానికి వేరే చోటు ఉంది. పరిశోధకుల కోణంలో మాత్రం ఇది అరుదైన ఘట్టం. మహారాష్ట్రలో 1972 కరువుతో పెరిగి, 1979లో చట్టంగా అమలుకొచ్చి, 2005లో దేశ చట్టంగా మారి, 2020–21 కోవిడ్ ఏడాదిలో 7.5 కోట్ల కుటుంబాలకు 389 కోట్ల పనిదినాలు కల్పించిన ఒక విధానానికి మొదలూ చివరా ఇప్పుడు మన కళ్ళముందు ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో 2022 మార్చి నుంచి మూడేళ్ళకు పైగా నిధులు ఆగిపోయిన కాలం కూడా అందులో ఉంది. పథకం వస్తే ఏమవుతుందో వంద పత్రాలు చెప్పాయి. పథకం పోతే ఏమవుతుందో చెప్పే పత్రాలు చాలా తక్కువ.

ఆ సాక్ష్యం ఎంతకాలం ఉంటుందో మాత్రం నమ్మకం లేదు. పథకాలు మారినప్పుడు వెబ్‌సైట్లు మారతాయి, పాత లింకులు తెరుచుకోవు. మొదటి విడత జాబ్ కార్డులు ఇంకా కొన్ని ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో, రేషన్ కార్డు పక్కన ఉన్నాయి. 2006లో పార పట్టిన ఆడవాళ్ళలో కొందరు ఇప్పుడు అరవై దాటారు. అప్పట్లో పనిచేసిన మేట్లు, ఫీల్డ్ అసిస్టెంట్లు ఊళ్ళలోనే ఉన్నారు. పరిశోధన అంశం కోసం వెతుకుతున్న పిల్లలారా, ఈ ఎండాకాలం ఒక ఊరికి వెళ్ళండి. కార్డులకు, పాస్‌బుక్కులకు అడిగి ఫోటోలు తీసుకోండి, మస్టర్లు దించుకుని దాచండి, ముసలివాళ్ళ మాటలు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఏ ప్రశ్న వేయాలో తర్వాత తేల్చుకోవచ్చు. ఈ కాగితాలు పోయాక ఏ ప్రశ్నకూ జవాబు ఉండదు.